నాన్న సమాధికి రాయి తేవడానికి పోయి

నాన్న పోయి పది నెలలైంది. ఏడాది తిరిగేలోపు సమాధి మీద రాయి పెట్టాలని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అంటూనే ఉంది, నేను సరే సరే అంటూనే ఉన్నాను. చివరికి మొన్న నాలుగు రోజులు సెలవు దొరికితే హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి పొదిలిలో దిగాను. మామ బండేసుకుని స్టాండు బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. మామంటే అమ్మ తమ్ముడు. అరవై దాటాయి, నాన్నకి బావమరిది కన్నా స్నేహితుడెక్కువ.

మా ఊళ్లో మావాళ్లు కాల్చరు, పూడుస్తారు, అదీ ఎవరి చేలో వాళ్లని. నాన్నని చేను తూర్పు గట్టున వేపచెట్టు కింద పెట్టాం. ఇప్పుడు ఆ చేను అమ్మాలని అన్నయ్య అంటున్నాడు. కొనడానికి వచ్చినాయన సమాధి అడ్డమని ముఖం చిట్లించి పోయాడట. అందుకే రాయి సంగతి తేలిక పని కాకుండా పోయింది. వారం రోజులుగా నాకు అదే టెన్షన్. రాయి పెట్టాక రేపు చేను చేతులు మారితే ఎట్లా అని.

ఇంటికి పోయి రెండు ఇడ్లీలు తిని చేలోకి పోదామంటే, దారిలో మామ బండి మెల్లగా చేసి కుడిపక్క ఎర్రమట్టి దిబ్బ చూపించాడు. "అబ్బయా, రాకాసి గూళ్లు చూశావా నువ్వు ఎప్పుడన్నా?" అన్నాడు. చిన్నప్పుడు పేరు వినడమే గానీ చూడలేదు. అటువైపు పోతే దయ్యం పడుతుందని జేజమ్మ పోనిచ్చేది కాదు. మామ మాత్రం మేకలు తోలుకుని రోజూ అక్కడికే పోయేవాడట, ఎండకి ఆ రాళ్ల నీడన పడుకునేవాడట.

చిల్లచెట్ల మధ్య నుంచి ఒళ్లు గీరుకుంటూ లోపలికి పోతే మొదట ఏమీ కనపడలేదు. కాసేపు చూస్తే కనపడింది. నేలలో సగం దిగిన గుండ్రాళ్లు, గుండ్రంగా, కళ్లంలో కుప్ప చుట్టూ ఎద్దులు తిరిగినంత మేర. ఒకటి చూశాక ఇంకోటి, దాని పక్కన ఇంకోటి, పది పన్నెండు దాకా ఉన్నాయి. ఒక దాంట్లో మధ్య మట్టి కొట్టుకుపోయి రాతిపెట్టె పైకి తేలి ఉంది. నాలుగు వైపులా నాలుగు బండపలకలు నిలువుగా దించారు. ఒక్కోటి బెత్తెడు మందం. ఒకదాని అంచు పక్కదాన్ని దాటి బయటికి పొడుచుకుని వచ్చింది, దాని అంచు ఆ పక్కదాన్ని, అట్లా నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి, పైనుంచి చూస్తే స్వస్తిక్ గుర్తులాగా ఉంది. సున్నం లేదు, సిమెంటు లేదు. తూర్పు వైపు పలకలో గుండ్రటి కన్నం, నా తల పట్టేంత. అంచు చుట్టూ చెయ్యి పెట్టి తడిమితే ఉలి దెబ్బలు ఇంకా వేలికి తగులుతున్నాయి.

పాండవులు వనవాసంలో కట్టుకున్న ఇళ్లని మామ విన్నాడు, రాకాసులు కాపురం ఉన్నారని కొందరంటారు. నిజానికి ఇవి ఇనుము మొదట వాడిన మనుషుల సమాధులు. సుమారుగా క్రీస్తుకు పూర్వం 1200 ప్రాంతం నుంచి వెయ్యేళ్ల పైచిలుకు దక్షిణాది అంతటా ఇట్లాంటివి కట్టారు, పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులంటారు. మనుషులున్న ఊళ్ల ఆనవాళ్లు తక్కువ దొరికాయి, పోయిన వాళ్లకి కట్టినవి మాత్రం వేలల్లో దొరికాయి. బతికిన వాళ్లు మట్టి గుడిసెల్లోనో ఆకుల పందిళ్లలోనో ఉండి, చచ్చిపోయిన వాళ్లకి మాత్రం ఎద్దులు లాగినా కదలని బండలు తెచ్చి ఇల్లు కట్టారు. ఇది మన ఒక్కరిదే కాదు. కొరియాలో గోచాంగ్, హ్వాసున్, గాంఘ్వా అనే చోట్ల ఉన్న రాతి సమాధులని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. అంత దూరం ఎందుకు, బస్తర్‌లో గోండులు చనిపోయిన వాళ్ల పేరున ఇప్పటికీ రాళ్లు నిలబెడతారు.

పెట్టె అడుగున వానకి తేలిన కుండపెంకు ఒకటి దొరికింది. బొటనవేలంత మందం కూడా లేదు, బయట ఎరుపు, లోపల నలుపు, ఆ నలుపు నిగనిగా మెరుస్తోంది. కుండని బోర్లించి కాల్చితే గాలి తగలని లోపలి భాగం నల్లబడుతుంది, బయట ఎర్రగా కాలుతుంది. ఈ ఎరుపు నలుపు కుండలు చూసే తవ్వకాలు చేసేవాళ్లు ఇది ఫలానా కాలం అని గుర్తు పడతారు. ఇట్లాంటి సమాధుల్లో ఎముకలతో పాటు కొడవళ్లు, గొడ్డళ్లు, బాణం ములుకులు, పూసలు దొరుకుతాయి. చాలా చోట్ల అస్థిపంజరం మొత్తం ఉండదు, పుర్రె, కొన్ని కాళ్ల ఎముకలు, అంతే. అంటే శవాన్ని ముందు ఎక్కడో ఉంచి, కొన్నాళ్లకి ఎముకలు ఏరుకొచ్చి పెట్టారన్న మాట. కాల్చే వాళ్ల ఇళ్లలో ఈరోజుకీ ఎముకలు ఏరి కుండలో పెడుతున్నారు కదా, అదే చెయ్యి.

కొడవలి మాట చెబితే మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బావకి మనం కళ్లజోడు పెట్టాం, చుట్టల కట్ట పెట్టాం" అన్నాడు.

అవును, పెట్టాం. గోతిలో ఉప్పు పోసి, తల దక్షిణానికి పెట్టి, మట్టి వెయ్యబోయే ముందు అమ్మ కొంగులోంచి ఆ రెండూ తీసి నా చేతికిచ్చింది. అంతకు ముందు దింపుడు కళ్లం దగ్గర పాడె దించినప్పుడు చెవిలో మూడుసార్లు పిలవాలంటే నాకు గొంతు రాలేదు, మామే వంగి "బావా... బావా... బావా" అని పిలిచాడు. ఎవరూ పలకరని తెలిసీ అందరం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాం. ఆశ చావకపోతే దింపుడు కళ్లం ఆశ అంటాం గానీ, ఆ మాట ఏంటో ఆ రోజు తెలిసింది నాకు.

పెంకుని ఎక్కడిదక్కడే పెట్టేశాను. తిరిగి వస్తుంటే దిబ్బకి అవతలి వైపు పొక్లెయిన్ తవ్విన గుంట కనిపించింది, గ్రావెల్ కోసం. రెండు వలయాలు సగానికి తెగి ఉన్నాయి, బండలు గుంట అంచున కుప్పగా పడి ఉన్నాయి. చెయ్యి తిరిగిన మనుషులు కట్టిన ఇల్లు అది, మూడు టిప్పర్ల మట్టికి పోయింది. కడుపు రగిలిపోయింది. ఊళ్లో ఎవరికీ తెలియక కాదు, ఇది మన వాళ్లదని ఎవరూ అనుకోకపోవడం వల్ల.

మర్నాడు చందవరం పోయాం. దొనకొండ దాటి గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ అనే చిన్న గుట్ట మీద ఉంటుంది, శాతవాహనుల కాలం బౌద్ధ స్తూపం. 1964లో వేలూరి వెంకటకృష్ణశాస్త్రి గుర్తించారు. మెట్లెక్కుతుంటే మామ ఆయాసపడుతూ "ఇది కూడా సమాధేనా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. స్తూపం అనేది మొదట అస్థికల మీద పోసిన మట్టి దిబ్బే. తన అస్థికల మీద చక్రవర్తికి కట్టినట్టు నాలుగు దారులు కలిసే చోట స్తూపం కట్టమని బుద్ధుడు ఆనందుడితో చెప్పినట్టు బౌద్ధ గ్రంథాల్లో ఉంది. ఆయన పోయాక అస్థికల కోసం రాజులు కొట్టుకునే దాకా వస్తే ద్రోణుడనే బ్రాహ్మణుడు ఎనిమిది వాటాలు చేసి పంచాడట. అన్నదమ్ముల మధ్య పంచాయితీ తీర్చే పెద్దమనిషిలాగా. మన ఆంధ్ర స్తూపాలకి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు కట్టి ఒక్కోదాని మీద అయిదేసి స్తంభాలు నిలబెట్టేవాళ్లు, ఆయక స్తంభాలంటారు. పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం, మొదటి బోధ, నిర్యాణం, ఆ అయిదింటికి గుర్తు. ఒక మనిషి బతుకంతా అయిదు రాళ్లలో.

పైన గాలి బాగా వీస్తోంది, కింద గుండ్లకమ్మలో నీళ్లు సన్నగా మెరుస్తున్నాయి. మేం తప్ప ఎవరూ లేరు. ఇక్కడి సున్నపురాతి శిల్పాలు కొన్ని దొంగల పాలయ్యాయి. బుద్ధుణ్ణి కొలిచే భక్తుల్ని చెక్కిన ఒక పలక ఎక్కడెక్కడో చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది, అది ఇక్కడిదని తేలాక 2016లో వాళ్లు మన దేశానికి తిరిగి ఇచ్చారు. మామకి ఇది చెబితే, "సమాధి రాయి ఎత్తకపోయి అమ్ముకునేవాడికి రాత్రి నిద్రెట్ట పడుతుంది?" అన్నాడు.

సాయంత్రానికి చీమకుర్తి. అసలు పని అక్కడే. ఒంగోలు రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా రాళ్ల గుట్టలు, మంచం అంత, గది అంత దిమ్మెలు వేసుకుని కదిలే లారీలు. క్వారీ అంచున నిలబడి కిందికి చూస్తే కాళ్లు వణికాయి, అడుగున ఉన్న పొక్లెయిన్ బొమ్మలాగా ఉంది. ఇక్కడి నల్ల గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతుంది. నలుపులో బంగారు రంగు చుక్కలు, రాత్రి డాబా మీద పడుకుని చూసిన ఆకాశంలాగా. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. వంటింటి గట్లకీ, హోటళ్ల నేలకీ పోతుందని తెలుసు గానీ, ఎక్కడెక్కడి దేశాల్లోనో సమాధుల తలాపున నిలబడేది కూడా ఈ రాయేనని పాలిష్ యార్డులో పనిచేసే పెద్దాయన చెబితే గుర్తొచ్చింది. "సముద్రాలు దాటి పోతది సార్, మన ఊరోళ్లకి మాత్రం ఎప్పుడో ఒకటి" అన్నాడు.

మూడడుగుల పలక ఎంచుకున్నాం. అక్షరాలకి రబ్బరు షీటు అంటించి, అక్షరం మేరకు కత్తిరించి, ఇసుక గట్టిగా కొడతారు, అప్పుడు అక్షరం దిగుతుంది, దాంట్లో బంగారు రంగు నింపుతారు. ఆయన కాగితం తీసుకుని జననం ఎప్పుడు అన్నాడు. ఆధార్‌లో ఉన్నది చెప్పాను, 1-7-1953. చెబుతూనే ఆగిపోయాను. అది నాన్న పుట్టినరోజు కాదు. బడిలో వేసిన రోజు అయ్యవారు రాసుకున్న తేదీ, ఆ బడిలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. అమ్మకి ఫోన్ చేశాను. "చింతలు విరగకాసిన ఏడు పుట్టాడని మీ జేజమ్మ అనేది, వానలు వెనక పట్టాక అంట, నాకేం తెలుసురా" అంది. డెబ్భై ఏళ్లు ఆ మనిషి పుట్టినరోజు లేకుండానే బతికాడు, మేం కూడా ఎప్పుడూ అడగలేదు. రాతి మీద అబద్ధం చెక్కించడానికి నాకు మనసు రాలేదు. పేరు, ఊరు, పోయిన తేదీ రాయమన్నాను, జననం చోటు వదిలెయ్యమన్నాను. పెద్దాయన ఏమీ అనకుండా కాగితం మీద ఆ గీత కొట్టేశాడు.

రాయి వారంలో పంపిస్తామన్నారు. మూడో రోజు నెల్లూరు పోయాను, అక్కని చూడాలి, చేను సంగతి మాట్లాడాలి. అక్క నన్ను నేరుగా స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకుపోయింది. మొహర్రం నెల కాదు కాబట్టి బారా షహీద్ దర్గా నిశ్శబ్దంగా ఉంది. యుద్ధంలో పోయిన పన్నెండు మంది సమాధులు అవి, గండవరం దగ్గర పోరాటంలో పడ్డారని, గుర్రాలు వాళ్లని ఇక్కడికి మోసుకొచ్చాయని చెబుతారు. ఆకుపచ్చ గుడ్డలు కప్పి, మల్లెపూలు వేసి ఉన్నాయి. హిందువులూ ముస్లింలూ పక్కపక్కనే నిలబడి మొక్కుతున్నారు. రొట్టెల పండుగప్పుడు ఈ చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి కోరిక తీరిన వాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్న వాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె కూడా. నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు అక్క ఆరోగ్య రొట్టె తీసుకుంది, మరుసటేడాది పోయి ఇచ్చింది, ఆ తర్వాత ఏటా ఇస్తూనే ఉంది. ఈసారి కూడా ఇస్తావా అని అడిగాను. "ఎందుకియ్యనురా, నాలుగేళ్లు బతికించారు కదా" అంది.

చెరువు గట్టు మీద కూర్చుని చేను విషయం తెగ్గొట్టుకున్నాం. అన్నయ్యకి అక్కే ఫోన్ చేసింది, చేను అమ్మితే అమ్ముదాం గానీ వేపచెట్టు కింద నాలుగు గజాలు, రోడ్డు నుంచి అక్కడికి నడిచే దారి అమ్మేది లేదు, కాగితంలో రాయించాల్సిందేనని. అన్నయ్య కాసేపు ఊరుకుని సరే అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, అప్పుల్లో ఉన్నాడు.

రాయి చెప్పిన రోజుకే వచ్చింది, దాంతో పాటు నేనూ మళ్లీ ఊరెళ్లాను. తాపీ మేస్త్రి సమాధి దిమ్మె మీద తలాపున నిలబెట్టి తూకం చూసుకుంటుంటే, మామ ఇంకో పక్క కొబ్బరితాడు పట్టుకుని నాలుగు గజాలు కొలిచి మూలల్లో రాళ్లు పాతుతున్నాడు. రాకాసి గూళ్ల దిబ్బ మీద పొక్లెయిన్ గుంట అంచున పడి ఉన్న రాళ్లలోవి తెద్దామా అన్నాడు ముందు, నేను వద్దన్నాను, ఆయనే మళ్లీ "అవి వాళ్లయి కదూ" అని గుండ్లకమ్మ నుంచి నాలుగు తెచ్చాడు. అమ్మ పాలు పోసి, రాయి మీద చేత్తో రాసింది. ఎండకి చుక్కలు మెరిశాయి. ఆమెకి చదువు రాదు, పేరు ఏ వరసలో ఉందో చూపించమంది. వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద పెట్టాను. కింది ఖాళీ చోటు దగ్గర ఆగి "ఇక్కడేం రాయలేదే?" అంది. పుట్టిన రోజు అన్నాను. కొంగులోంచి చుట్టల కట్ట తీసి సరిగ్గా ఆ చోటుకి కింద పెట్టింది.