రాతలో 5.5 నుంచి 6.5కు: జర్మనీ ఎంఎస్ కోసం నా సన్నద్ధత

జర్మనీలో మెకానికల్ ఎంఎస్ చేయాలని నిర్ణయించుకున్నాక నేను మొదట చేసిన పని ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ శిక్షణలో చేరడం. మొదట చేయవలసింది మాత్రం అది కాదు. బీటెక్‌లో నాకు వచ్చిన 7.8 సీజీపీఏ జర్మన్ కొలమానంలో ఎంతవుతుందో ముందే లెక్కకట్టి ఉండవలసింది. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. గరిష్ఠ పాయింట్లలోంచి మన పాయింట్లు తీసివేసి, గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలపాలి. సవరించిన బవేరియన్ సూత్రం అంటే ఇదే. గరిష్ఠం 10, కనీసం 5 కాబట్టి నాకు 2.32 వచ్చింది. 2.5 లేదా అంతకంటే మెరుగైన గ్రేడు అడిగే కోర్సులు చాలా ఉన్నందున, ఎక్కడ దరఖాస్తు చేయవచ్చో, ఎక్కడ రుసుము దండగో ఆ ఒక్క లెక్కతో సగం తేలిపోయింది.

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవాడిని కనుక మాట్లాడే పరీక్షకే భయపడ్డాను, కానీ దెబ్బతిన్నది రాతలో. వినడంలో 7.5, చదవడంలో 7, మాట్లాడడంలో 6.5 వచ్చి, రాయడం 5.5 దగ్గర ఆగిపోయింది. మొత్తం 6.5 అయినా, నేను ఆశపడిన కోర్సు ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదని నిబంధన పెట్టింది. తప్పు ఎక్కడో తర్వాత అర్థమైంది. శిక్షణ కేంద్రంలో ఇచ్చిన సిద్ధవాక్యాలను, ఇంటర్‌లో వ్యాసాలు బట్టీపట్టిన అలవాటుతోనే, యథాతథంగా దింపాను. ఒక అభిప్రాయంతో ఎంతవరకు ఏకీభవిస్తారని అడిగితే, లాభనష్టాలు ఏకరువు పెట్టి, నా పక్షం ఏమిటో చెప్పకుండానే ముగించాను.

రెండో ప్రయత్నానికి ముందు రోజుకొక వ్యాసం రాసి, మర్నాడు ఎర్ర కలంతో నేనే దిద్దుకున్నాను. ఎక్కువ తప్పులు ఇంగ్లిష్ ఆర్టికల్స్ 'ఎ', 'ది' దగ్గరే దొర్లాయి. తెలుగులో లేని వస్తువు కాబట్టి చెవికి ఆ లోటు తెలియదు, కంటితో ఒక్కొక్క నామవాచకాన్నీ వెతకవలసిందే. పరీక్షలో రాతకు ఇచ్చే 60 నిమిషాల్లో, 250 పదాల వ్యాసానికి 150 పదాల మొదటి ప్రశ్న కంటే రెట్టింపు విలువ ఉంటుంది గనుక వ్యాసమే ముందు రాశాను. దానికి కేటాయించుకున్న 40 నిమిషాల్లో మొదటి ఏడెనిమిది నిమిషాలు కలం కదపకుండా, ఏ పక్షం, ఏ రెండు కారణాలు అన్నది తెలుగులోనే ఆలోచించుకున్నాను. తెలుగులో ఆలోచించకూడదని చాలామంది అంటారు. నాకు మాత్రం అదే పనికొచ్చింది. ఈసారి రాయడంలో 6.5, మొత్తం 7 వచ్చాయి.

ఫలితాల కోసం చూస్తూ మిగతా పనులు ఆపవద్దు. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు వీసా కోసం, మన చదువు పత్రాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి. నేను 18,000 రూపాయలు కట్టి, రెండో పరీక్షకు ముందే మార్కుల జాబితాలు పంపాను. ఇక అక్కడి ఖర్చుల కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. అక్కడికి వెళ్లాక అది నెలకు 992 చొప్పున చేతికి వస్తుంది. పార్ట్‌టైమ్ పనికి ఏడాదిలో 140 పూర్తి రోజుల పరిమితి ఉంది కాబట్టి, ఆ సంపాదన నమ్ముకుని ఈ మొత్తాన్ని అప్పు తెచ్చి చూపించి వెంటనే తిరిగి కట్టేద్దామనుకునే ఆలోచన సాగదు. మా ఇంట్లో విద్యారుణం మంజూరవడానికే పరీక్షకు చదివినంత కాలం పట్టింది.