ముక్కలుగా దాచిన స్వెటరు: నా అనుభవం

మా అమ్మాయి ఏడో నెలలో పురిటికి కోరాపుట్‌లోని మా ఇంటికి వచ్చిన రోజునే, పుట్టబోయే బిడ్డకు స్వెటరు నా చేతులతోనే అల్లాలని నిశ్చయించుకున్నాను. సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న మా ఊరి చలి విజయనగరంలో ఉండే బంధువులకు చెప్పినా అర్థం కాదు. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున మంచు కిటికీ దాకా వచ్చి నిలబడుతుంది. ఊలు పని నాకు పెళ్లయిన కొత్తలో, సునాబేడలోని విమాన ఇంజన్ల కర్మాగారం కాలనీలో, పక్క క్వార్టరులో ఉండే పంజాబీ ఆవిడ నేర్పారు. అందువల్ల ఈనాటికీ సూదులు పట్టుకుంటే లెక్క తెలుగులో సాగదు. "ఏక్ సీధా, ఏక్ ఉల్టా" అనుకుంటూనే వరుస నడుస్తుంది.

బజారులో బేబీ ఊలు పేరుతో అమ్మేది చాలావరకు గొర్రె ఉన్ని కాదు, అక్రిలిక్ అనే కృత్రిమ దారం. పసిపిల్లల బట్టలు రోజూ ఉతకాలి కనుక నాకు అదే మేలనిపించింది. గొర్రె ఉన్ని వేడినీళ్లలో నలిపితే ముడుచుకుని గట్టిపడుతుంది. అక్రిలిక్‌కు ఆ బెడద లేదు కాని, వేడి ఇస్త్రీ తగిలితే చదునుగా అణగిపోయి మళ్లీ లేవదు. ఉండను మెడకు రాసుకుని, గరుకు లేదని తేల్చుకున్నాకే 25 గ్రాముల ఉండలు ఆరు, చీటీ మీద ఒకే లాట్ నంబరు ఉన్నవి ఏరి తెచ్చుకున్నాను. లాట్ అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలు; అది మారితే ఒకే రంగు కూడా పగటి వెలుగులో రెండు రంగులుగా కనిపిస్తుంది.

తొలి చిక్కు నమూనా ముక్క దగ్గరే ఎదురైంది. 10 నంబరు సూదులతో పది సెంటీమీటర్ల వెడల్పుకు 28 కుట్లు రావలసి ఉండగా నాకు 25 మాత్రమే వచ్చాయి, అంటే నా చెయ్యి వదులుగా పడుతోందన్నమాట. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఛాతీ చుట్టుకొలత సుమారు 33 సెంటీమీటర్లు ఉంటుంది. కదలడానికి వీలుగా స్వెటరు చుట్టుకొలత 40 ఉండాలనుకుని, అందులో సగమైన వీపు ముక్కకు 56 కుట్లు లెక్కవేసుకున్నాను. అదే వదులుతో అల్లి ఉంటే ఆ చుట్టుకొలత 45 అయ్యేది. అంతకంటే సన్నవైన 11 నంబరు సూదులకు మారాక లెక్క కుదిరింది. స్వెటరు చేతులు రెండింటినీ ఒకే జత సూదుల మీద, రెండు ఉండలతో పక్కపక్కనే అల్లాను. విడివిడిగా అల్లితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి కావడం నాకు మునుపు అనుభవమే.

పని ఇలా సాగుతుండగా మా వియ్యపురాలు చూడవచ్చారు. సూదుల మీద ఉన్నదేమిటో గ్రహించగానే ఆవిడ ముఖం మారింది. "వదినగారూ, బిడ్డ భూమి మీద పడకముందే కొత్తబట్ట సిద్ధం చేయకూడదండీ. పురుడు వెళ్లే దాకా పాతవే వేయాలి" అన్నారు. నాకు ఆ పట్టింపు లేకపోయినా, బిడ్డ క్షేమం కోరి అన్న మాటను తోసిపుచ్చడం నాకు ఇష్టం లేకపోయింది. ముక్కలు అల్లుతాను గాని ఒకదానితో ఒకటి కలిపి కుట్టను, కలపనంతవరకు అది బట్ట కాదు కదా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఐదు ముక్కలనూ పాత పంచెలో చుట్టి పెట్టెలో దాచాను.

పాప 34వ వారంలోనే, రెండు కిలోలకు కొంచెం తక్కువ బరువుతో పుట్టింది. ఆసుపత్రిలో నర్సు స్వెటరు అడగలేదు. నెలలు నిండని బిడ్డను బట్టలు లేకుండా, డైపరు, టోపీ, మేజోళ్లతో మాత్రమే తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టే పద్ధతి పాటిస్తామని, టోపీ ఉంటే తెమ్మని అన్నది. బిడ్డకు వెచ్చదనం తల్లి ఒంటి నుంచే అందుతుందట. తలకొలత 31 సెంటీమీటర్లు. ఆ రాత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, సాగి తలను పట్టి ఉండేలా 76 కుట్లు ఎక్కించి టోపీ మొదలుపెట్టాను. వేళ్లు వణికి రెండుసార్లు కుట్లు జారాయి, రెండుసార్లూ విప్పాను. అతుకు లోపలి వైపు ఉంటే లేత చర్మం మీద గీత పడుతుందని బయటి వైపుకే వచ్చేటట్టు కుట్టాను. మేజోళ్లు ఇంకా కష్టమయ్యాయి. ఆ పాదం నా చూపుడువేలి కంటే చిన్నది. కొత్తవని మా వదినగారు, అదే మా వియ్యపురాలు, ఏమంటారోనని సంకోచిస్తూనే చూపించాను. "ఇది మందుతో సమానమండీ, దీనికి ఆచారం అడ్డు రాదు" అని ఆవిడే అందుకుని లోపలికి పంపించారు. తెల్లవారాక తలుపు సందులోంచి చూస్తే, మా అమ్మాయి చీరచాటు నుంచి ఆ టోపీ అంచు ఒక్కటే కనిపిస్తూ, ఆమె ఊపిరితో పాటు లేస్తూ దిగుతూ ఉంది. ఎన్నో స్వెటర్లు అల్లాను గాని, అంతటి సంతోషం మరే అల్లికా నాకు ఇవ్వలేదు.

దాచిన ముక్కలను పాప మూడున్నర కిలోలు దాటాక, మాఘమాసంలో బయటికి తీశాను. ముందే కుట్టి ఉంటే నేను మార్చగలిగేదాన్ని కాదు. ఈలోపు ఆసుపత్రిలో గమనించిన విషయాలు చాలా ఉన్నాయి. ముందు ముక్కల్లో ముచ్చటపడి వేసిన చిల్లుల అల్లికలో పసివేళ్లు చిక్కుకోగలవు కనుక రెండు ముక్కలనూ విప్పి సాదాగా మళ్లీ అల్లాను. మెడకు రిబ్బను మానేశాను, బిగుసుకుంటే ప్రమాదం. పసిబిడ్డకు ఛాతీ కంటే తలే పెద్దది, తల మీదుగా తొడిగితే ఏడుస్తుంది కాబట్టి ముందు వైపు తెరిచే ఉంచి, బొత్తాలను ఊడిరాకుండా దారం నాలుగైదుసార్లు పోనిచ్చి కుట్టాను. టోపీ మాత్రం నిద్రపుచ్చేటప్పుడు తీసేయమన్నారు డాక్టరు. ఇంటికొచ్చి ఏపుగా పెరుగుతున్న బిడ్డకు తల నుంచి వేడి పోవడానికి దారి ఉండాలట.

మళ్లీ కార్తీకం వచ్చింది. అమ్మాయి పాపను తీసుకుని విజయనగరం నుంచి వస్తోంది. ఈసారి ఊలు మా వదినగారే కొని పంపారు, ఎనిమిది ఉండలు, లాట్ నంబరు అన్నింటికీ ఒకటే. ఫోనులో కొలతలు చెప్పి, "ఇప్పుడు ముక్కలుగా దాచనక్కరలేదండీ" అన్నారు. వీపు ముక్కకు 66 కుట్లు ఎక్కించాను, కింది బోర్డరు నిన్న రాత్రికి పూర్తయింది.