కుందులి సంతలో కాలిన వెదురు

పోలి పాడ్యమి వెళ్ళిన మూడు రోజులకి సాలూరులో బస్సెక్కాం. కార్తీకమంతా నీచు ముట్టని ఇల్లు మాది. ఒడిశాలోని జయపురంలో మా ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశం. అది బాగా జరిగింది, అంతకుమించి రాయడానికి ఏమీ లేదు. నేను చెప్పాలనుకున్నది వచ్చేటప్పటి సంగతి.

సుంకి ఘాట్ గురించి మన వైపు వాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది. లారీ వెనక లారీ, కడుపులో తిప్పుడు, కిటికీ పక్క సీటు కోసం గొడవ. ఘాట్ ఎక్కి పొట్టంగి వైపు తిరిగేసరికి మాత్రం వలిసె చేలు పూతకొచ్చి, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంది. కోత అయిపోయిన చేలల్లో అక్కడక్కడ మంచెలు మిగిలి ఉన్నాయి. నాలుగు గుంజలు, పైన కర్రలు పేర్చిన అటక, దాని మీద గడ్డికప్పు. చిన్నప్పుడు మా తాత జొన్నచేలో నన్ను మంచె ఎక్కించి, చేతికి వడిసెల ఇచ్చి పిట్టల్ని తోలమనేవాడు. మంచెలు చూడగానే అదే గుర్తొచ్చింది.

గృహప్రవేశం మర్నాటి రాత్రి పిల్లలందరూ కలిసి అక్కడి ఒక హోటల్‌కి తీసుకెళ్ళారు. బయట పెద్ద అక్షరాలతో బార్బెక్యూ అని బోర్డు. మనిషికి 700. బల్ల మధ్యలో కరెంటు పెనం ఒకటి బిగించారు. లోపలెక్కడో ఉడికించి, ఎర్రరంగు పూసి, పుల్లలకి గుచ్చిన కోడిముక్కలు తెచ్చి దాని మీద పెట్టారు. నిప్పు లేదు, పొగ లేదు, బొగ్గు వాసన అసలే లేదు. ఇదేంటని అడిగితే, ఇది అమెరికా పద్ధతి మేడమ్ అన్నాడు వడ్డించే కుర్రాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. డబ్బులు పోయినందుకు కాదు, పిల్లలు బార్బెక్యూ అంటే ఇదే అనుకుంటారని.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. రెండేళ్ళ కిందట మేం అక్కడికి వెళ్ళినప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం తినడానికి శుక్రవారం రాత్రే పొయ్యి రాజేశాడు. ఓక్ కట్టెలు ఒక పక్కన మండుతుంటే మాంసం ఇంకో పక్కన. మంట దానికి తగలదు, వేడీ పొగా మాత్రమే తగులుతాయి. లోపల సుమారు 110 డిగ్రీలు దాటనివ్వకుండా పన్నెండు గంటలు కాపలా కాశాడు. వాళ్ళు వాడేది బ్రిస్కెట్, అంటే పశువు రొమ్ము మాంసం. పశువు బరువులో చాలావరకు మోసే కండ కాబట్టి గట్టిగా, పీచుగా ఉంటుంది. అందులోని గట్టి నారంతా కరిగి జిగురు కావాలంటే అన్ని గంటలూ పడుతుంది. శనివారం మేం ముట్టం కాబట్టి నేను తినలేదు గానీ, వాడు రాత్రంతా మేలుకుని నాలుగు కట్టెలు అటూ ఇటూ సర్దడం చూశాను. కరోలినాల్లో పంది మాంసమని, నార్త్ కరోలినా తూర్పు వైపు దాని మీద వెనిగర్, మిరప కలిపిన పులుసు పోస్తారని, కాన్సాస్ సిటీలో టమాటాతో తియ్యని చిక్కటి సాస్ అని వాడే చెప్పాడు. కెంటకీలో ఓవెన్స్‌బరో అనే ఊరుందట, అక్కడ ముదురు గొర్రె మాంసానిదే పేరు. దక్షిణాది రాష్ట్రాల్లో ఒకప్పుడు మాంసం కాల్చే గోతుల దగ్గర రాత్రంతా నిలబడి నిప్పు చూసుకున్నది చాలావరకు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లే. ఇంతమంది చేతి పనిని ఒక కరెంటు పెనం మీద పెట్టి అమ్మేస్తే కోపం రాదా?

ఆ కోపం మర్నాటికీ తగ్గలేదు. సిమిలిగుడలో మా ఆయన బస్సు దిగుదామన్నారు. శుక్రవారం, కుందులి సంత, అల్లం చవగ్గా దొరుకుతుందని. ఆటోవాడు మమ్మల్ని చూడగానే రేటు పెంచాడు. వెళ్ళాక చవగ్గా దొరికిందీ లేదు, మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు పొద్దున్నే మంచి సరుకంతా మూటలు కట్టేశారు. ఆయన అల్లం బేరంలో ఉంటే నేను పొగ వాసన పట్టుకుని సంత చివరికి నడిచాను.

చింతచెట్టు కింద ఒకామె నిప్పు ముందు గొంతుక్కూర్చుని ఉంది. అరవై ఏళ్ళుంటాయేమో. ముందు పచ్చి వెదురు బొంగులు పేర్చి ఉన్నాయి.

"బొంగు కోడా అప్పా?" అన్నాను.

"అవునమ్మా. కూకో, ఇంకా అవ్వాల," అంది, మన తెలుగులోనే. వాళ్ళమ్మది సాలూరు పక్కనట.

అరకులో ఈ బొంగు కూర ఎన్నిసార్లు తిన్నానో. అక్కడ ఈమధ్య మసాలా, నూనె, రంగు ఎక్కువైపోయాయి. ఈమె గిన్నెలో నాటుకోడి ముక్కలు, ఉప్పు, పసుపు, నూరిన పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, అంతే. నూనె వెయ్యవా అని అడిగితే, "కోడికి కొవ్వు లేదేటి?" అంది.

మూర పొడుగు బొంగు, ఒక పక్క కణుపు ఉంచి రెండో పక్క తెరిచి కోసింది. ముక్కలు వేసి కర్రతో దట్టించి, పైన నాలుగు వేళ్ళ చోటు వదిలి, అడ్డాకు మడిచి బిగించి నిప్పు మీద వాల్చింది. ఇక అక్కణ్ణుంచి తిప్పడమే. ఆకుపచ్చ బొంగు పసుపైంది, గోధుమరంగైంది, నలుపెక్కింది. కోసిన అంచు దగ్గర వెదురు నీళ్ళు బుడబుడమని నురగ కట్టాయి. తరవాత మూతి దగ్గర అడ్డాకు సన్నగా వణకడం మొదలైంది, లోపల ఆవిరి పట్టినట్టు.

"ముదురు బొంగైతే పగిలి రసం కారిపోద్ది. మరీ లేతదైతే పసరు వాసనొస్తాది," అంది. పచ్చి వెదురులో నీళ్ళున్నంతసేపు బయట నల్లగా మాడినా లోపల ముక్క మాడదు, తన ఆవిరిలో తనే ఉడుకుతుంది. అంటే ఇది టెక్సాస్ వాళ్ళ పొగ వంట కాదు, మనం పుల్లకి గుచ్చి కాల్చేదీ కాదు. మా అమ్మమ్మ కుండలో తేగలు తంపట వేసే పద్ధతికి దగ్గర. పక్కనే నిప్పుల మీద అడ్డాకు పొట్లాల్లో చిన్నచేపలు కాలుతున్నాయి, ఒడియాలో వాటిని పత్ర పోడ అంటారు. పోడ అంటే కాల్చినది.

అప్పుడు తల ఎత్తి చూశాను. ఇంకో పక్కన, ఆరిపోవచ్చిన నిప్పు మీద నాలుగు గుంజలు పాతి, నడుము ఎత్తున సన్న కర్రలు పేర్చి, వాటి మీద చేపలు పరిచి ఉన్నాయి. కింద పొగ, పైన చేపలు, మధ్యలో మంటే లేదు.

"అదేటి అప్పా?"

"అదా? మంచె. చేపలకి."

నేను ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేకపోయాను. బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవుల తాయినో జనం మాటలోంచి స్పానిష్‌లో బార్బకోవాగా మారి వచ్చింది. అది వంట పేరు కాదు, గుంజల మీద కర్రలు పేర్చిన అటక పేరు. మాంసం, చేపలు పొగబెట్టే అటకకీ అదే పేరు. 1526లో ఒవియేదో అనే స్పెయిన్ వాడు తన రచనలో ఇంకోటి కూడా రాశాడు: మొక్కజొన్న చేలలో చిలకల్ని తోలడానికి పిల్లలు కూర్చునే, ఎండావానా తగలకుండా కప్పు వేసిన కర్రల అటకల్ని అక్కడివాళ్ళు బార్బకోవాలంటారని. మా తాత నన్ను ఎక్కించింది అచ్చం అలాంటి దాని మీదే. ఇక్కడి నుంచి అక్కడికి ఎవరూ వెళ్ళలేదు, అక్కడి నుంచి ఎవరూ రాలేదు. అయినా పిట్టల్ని తోలే అటకకీ చేపల్ని పొగబెట్టే అటకకీ అక్కడ బార్బకోవా అని ఒకటే మాట, ఇక్కడ మంచె అని ఒకటే మాట.

ఆమెకి ఇదంతా చెప్పాను. విని, బొంగు ఇంకోసారి తిప్పి, "మరి గుంజలు పాతితే మంచె కాకపోతే ఏటవుద్దమ్మా," అంది.

ముప్పావు గంటకి బొంగు దించి, కత్తి మొనతో నిలువునా చీల్చింది. లోపల వెదురు తెల్లగా, పొర కూడా చెదరకుండా ఉంది. ముక్క పాలిపోయినట్టు కనిపించింది గానీ, నోట్లో పెట్టుకుంటే అల్లం ఘాటు ముందొచ్చి, వెనక పచ్చి వెదురు తీపి. ముదురు కోడి ఎముక నుంచి దానంతటదే విడిపోయింది. అడ్డాకులో ఒక బొంగు కూర 250. బేరం చెయ్యలేదు. పొగబెట్టిన చేపలు కూడా గుప్పెడు కొన్నాను.

మా ఆయన అల్లం సంచితో వచ్చేసరికి ఆఖరి ముక్క మిగిలింది. చేపల పొట్లం బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. సుంకి దిగుతుంటే ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి, "ఏ ఊరి చేపలమ్మా అవి?" అని అడిగాడు.