క్షిజోవా, ఒకప్పటి క్రైసావ్

ఊరి పేరు పలకలేక బస్సు డ్రైవరుకు కాగితం చూపించాను. కె, ఆర్, జెడ్ వరసగా నిలబడి భయపెడుతున్నాయి. ఆయన నవ్వి ‘క్షిజోవా’ అన్నాడు. అరే, మన ‘క్ష’!

పోలండ్ నైరుతి మూలన, ష్విద్నిత్సా పట్టణం దగ్గరి పల్లె ఇది. 1945 దాకా జర్మనీలో ఉండేది, పేరు క్రైసావ్. యుద్ధం ముగిశాక సరిహద్దు పడమటికి జరిగింది. జర్మన్లు వెళ్లిపోవాల్సి వచ్చింది, పేరూ మారింది. పోలిష్‌లో ‘క్షిష్’ అంటే శిలువ.

గుట్ట మీది ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాను. 1942, 43లలో హిట్లర్ వ్యతిరేకులు రహస్యంగా కూడింది ఇక్కడే. ఇంటి యజమాని మోల్ట్‌కెను 1945 జనవరిలో ఉరితీశారు. చరిత్రలో వాళ్లు మాత్రం ఇప్పటికీ ‘క్రైసావ్ బృందమే’.

తిరుగు బస్సులో ‘ష్విద్నిత్సా’ దగ్గర నాలుక మళ్లీ మడతపడింది.