‘అది’ నిన్ను తలమీద కొట్టును: ఎవరు కొడతారు?

కథోలిక గుడిలో మరియమాత విగ్రహం పాదం కింద చాలాచోట్ల పాము ఉంటుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు బాప్టిస్టు ఇళ్ల పిల్లలకు అది చూడగానే వచ్చే సందేహం: ఇది బైబిల్లో ఎక్కడుంది? సండేస్కూల్ టీచర్లు చాలామంది ‘లేదు’ అని తేల్చేస్తారు. జవాబు అంత తేలిక కాదు. సంగతంతా ఒక్క సర్వనామంలో ఉంది.

ఆదికాండము 3:15లో స్త్రీ సంతానాన్ని గురించి సర్పంతో దేవుడు అంటున్న మాట మన పాత అనువాదంలో ఇలా ఉంది: “అది నిన్ను తలమీద కొట్టును”. హెబ్రీలో ‘సంతానం’ పుంలింగం, దాని సర్వనామమూ పుంలింగమే. అది వ్యాకరణం కోసం వచ్చిందా, ఒక మగబిడ్డను ఉద్దేశించిందా అన్నది ఆ వాక్యాన్ని బట్టి చెప్పలేం. పాత నిబంధన గ్రీకు అనువాదంలో ‘సంతానం’ నపుంసకం, అయినా ఆ అనువాదకులు ‘అతడు’ అని రాసి ఒక పక్షం తీసుకున్నారు. కథోలికులు తరతరాలుగా వాడిన లాటిన్ బైబిల్ వల్గేట్‌లో ‘ఆమె’ అని వచ్చింది. పాదం కింద పాము బొమ్మకు బలం అక్కడే. 1979లో వచ్చిన కొత్త వల్గేట్‌లో కథోలికులే దాన్ని నపుంసకానికి మార్చుకున్నారు. అంతమాత్రాన విగ్రహం తప్పయిపోదు. మరియను రెండో హవ్వగా చూడడం వల్గేట్ కంటే పాతది. హవ్వ అవిధేయత వేసిన ముడిని మరియ విధేయత విప్పిందని సంఘ పితరుడు ఇరేనియస్ రెండో శతాబ్దంలోనే రాశాడు.

తెలుగులో ఈ తగాదా వినపడనే వినపడదు. మన ఊళ్లలో ‘అదొచ్చిందా?’ అంటే కూతురు కావచ్చు, ఆవు కావచ్చు, బస్సు కావచ్చు. ‘కొట్టును’ అన్న క్రియ వాడికీ దానికీ ఒకటే. అందుకే ముంగుర్తుల మీద, అంటే రాబోయేదాన్ని ముందే చూపే పోలికల మీద, పాఠం సిద్ధం చేసేవాళ్లు ముందు సర్వనామం దగ్గర ఆగాలి. ఆ గురుతు ఎవరి మీద పడుతోందో చూసుకున్నాకే బోధలోకి వెళ్లాలి.

గురుతు అన్న మాట ఊరికే వాడలేదు. రోమా 5:14లో ఆదాము “రాబోవువానికి గురుతై యుండెను”. యోహాను 20:25లో తోమా అడిగింది మేకుల గురుతు. గ్రీకులోనూ రెండుచోట్లా ఒకే మాట: దెబ్బకు పడిన అచ్చు. అచ్చంటే నొక్కినచోటే పడాలి గదా. మరి 3:15 అచ్చును పౌలు ఎక్కడ నొక్కాడు? రోమా 16:20లో, సాతానును దేవుడు “మీ కాళ్లక్రింద” చితుక తొక్కిస్తాడంటాడు. మీ అంటే సంఘమంతా. అదే అధ్యాయంలో ఫీబే మొదలుకొని పేరుతోనో బంధుత్వంతోనో 10 మంది స్త్రీల ప్రస్తావన ఉంది. తొక్కే కాళ్లలో వాళ్ల కాళ్లూ ఉన్నాయి.

హవ్వ సంగతి చూడండి. ‘ఆడదాని వల్లే పాపం’ అని స్త్రీల కూడికలో కూడా వినిపించే మాటకు 1 తిమోతి 2:14 ఆధారంగా చూపుతారు. నిజమే, అక్కడ హవ్వ స్త్రీలకు పోలిక. కానీ 2 కొరింథీ 11:2-3లో మోసపోయే హవ్వ స్థానంలో నిలబడ్డది కొరింథు సంఘం మొత్తం, మీసాలున్న పెద్దలతో సహా. “ప్రధానము చేసితిని” అని పౌలు అన్నదీ వాళ్లందరినీ కలిపే. మన పెళ్లిళ్లలో ప్రధానం అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ మాటకు ఆడామగా అందరూ పెళ్లికూతుళ్లే. రెండు వచనాల్లో ఒకటే చదివి పాఠం ముగించడమే అసలు పొరపాటు.

పెళ్లి ప్రసంగాల్లో ఎఫెసీ 5 ఎప్పుడూ ఉండేదే. పెళ్లికొడుకు క్రీస్తుకు పోలిక అన్న మాట నుంచి అతను యజమాని అన్న మాటకు జారడానికి ప్రసంగీకుడికి రెండు నిమిషాలు చాలు. 25వ వచనం ఆ పోలికను అధికారానికి కాదు, తన్ను తాను అప్పగించుకోవడానికి కట్టింది. కట్టినచోట వదిలేసి ఇంకోచోట ముడివేస్తే అది ముంగుర్తు కాదు, మన సొంత కవిత్వం.

అనువాదం కొన్నిచోట్ల సాయం చేస్తుంది, కొన్నిచోట్ల దాస్తుంది. ఆదాము ప్రక్కటెముక, ఈటెతో పొడిచిన క్రీస్తు ప్రక్క: తెలుగులో ఆ ప్రతిధ్వని దక్కింది. గ్రీకు పాత నిబంధనలోనూ, యోహాను 19:34లోనూ ఒకే మాట. ఆదాము నిద్రపోతుండగా హవ్వ వచ్చినట్టే, సిలువ మీద ఆ ప్రక్కనుంచి కారిన రక్తంతో, నీళ్లతో సంఘం పుట్టిందని సంఘ పితరుడు అగస్టీన్ చెప్పింది ఈ జాడ పట్టుకునే. హెబ్రీ మాటకు మాత్రం ఎముక కంటే ‘ప్రక్క’ అన్న అర్థమే ఎక్కువ వాడుక. నిర్గమకాండము 26:20లో మందిరపు ప్రక్కకూ అదే మాట. మగవాళ్లకు ఒక ఎముక తక్కువని పిల్లలకు చెప్పకండి, ఇద్దరికీ 24 ఉంటాయి.

రూతు గ్రంథం దగ్గర తెలుగు దాచేసింది. 2:12లో పొలం యజమాని బోయజు రూతుతో యెహోవా రెక్కల సంగతి ఎత్తుతాడు. 3:9లో ఆమె అతని కొంగు తన మీద కప్పమంటుంది, అంటే తనను పెళ్లాడమని. హెబ్రీలో రెంటికీ ఒకే మాట. నువ్వు చెప్పిన రెక్క నువ్వే అవ్వమని అడుగుతోంది ఆ మోయాబు అమ్మాయి. మనకు కొంగంటే చీరే గుర్తొస్తుంది కాబట్టి వాక్యం ఇంకా తికమకగా ఉంటుంది. రెండు వచనాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి చూపిస్తే చాలు. బోయజు క్రీస్తుకు గురుతని కొత్త నిబంధన ఎక్కడా అనలేదు; అయినా అలా చదవొచ్చు. అది మన చదువని చెప్పి చదవాలి.

వేగులవాళ్లను దాచిన యెరికో స్త్రీ రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారమూ అంతే. మత్తయి, హెబ్రీ పత్రిక, యాకోబు ముగ్గురిలోనూ రాహాబు ఉంది, దారం లేదు. దారాన్ని ప్రభువు రక్తానికి గురుతుగా చెప్పింది మొదటి శతాబ్దం చివర రోమా సంఘం నుంచి కొరింథుకు వెళ్లిన ఉత్తరం, క్లెమెంట్ పేరుతో మనకు దొరికేది. ఆ దారం గురించి చెప్పినప్పుడు ఉత్తరంలోని తర్వాతి మాట కూడా వదలకుండా చెప్పండి: ఈ స్త్రీలో విశ్వాసమే కాదు, ప్రవచనమూ ఉందని.