పట్టా ఒకరిది, సాగు ఒకరిది

తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పంట పెట్టుబడి సాయం రైతు భరోసా కింద రెండెకరాలకు 12,000 జమ అయినట్టు నాన్నగారి ఫోనుకు సందేశం వచ్చినప్పుడు, ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న పెద్దాయన మా అరుగు మీదే కూర్చుని యూరియా బస్తాల లెక్క చెబుతున్నారు. "మంచిగైంది బిడ్డా, యాళ్లకు పడ్డయి" అన్నారు, మనస్ఫూర్తిగానే.

నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

2018లో రైతుబంధు పేరుతో ఎకరానికి పంటకు 4,000గా మొదలైన ఈ సాయం, తర్వాత 5,000 అయి, 2025లో రైతు భరోసాగా 6,000కు చేరినా, సొమ్ము పట్టాదారు ఖాతాకే వెళ్లే పద్ధతి మారలేదు. విత్తనం, ఎరువు, దున్నకం ఖర్చు మాత్రం కౌలు చేసే పెద్దాయనది. పంట పోతే అప్పూ ఆయనదే. కౌలు నోటిమాట మీద నడుస్తుంది కనుక ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం వచ్చింది. కానీ కాగితం రాస్తే భూమి చేజారుతుందని యజమానులకు భయం. మా ఇంట్లోనూ ఆ భయం ఉంది.

ఈ 12,000 కౌలులో తగ్గించాలని నాన్నగారిని అడిగాను. సరేనన్నారు. కార్డు సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, రేపు మళ్లీ అడుగుతాను.