సలేశ్వరానికి ఆ కొద్ది రోజులే ఎందుకు

సలేశ్వరం లింగమయ్య ఏడాది పొడవునా దర్శనమిచ్చే దేవుడు కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో, నల్లమల నడిమధ్యన, రెండు కొండల మధ్య లోయలో ఉంటాడు. చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులు మాత్రమే అటవీ శాఖ దారి తెరుస్తుంది. మిగతా కాలమంతా అది పులుల ఇలాకా. జాతర దగ్గర పడుతుందనగానే గొణుగుడు మొదలవుతుంది. దేవుడి దగ్గరికి పోవడానికి కూడా పర్మిషనా, రోజులు పెంచొచ్చు కదా, కిందిదాకా రోడ్డు వేయొచ్చు కదా అని. నేను మాత్రం వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆ గేటు మూసి ఉండడమే మంచిదని ఇంకాస్త గట్టిగా అనుకుంటున్నాను.

ఈసారి మా మేనత్తను వెంటబెట్టుకుని వెళ్లాను. మోకాళ్ల నొప్పులున్నా ఎన్నాళ్లనుంచో మొక్కు ఉండిపోయిందని పట్టుబట్టింది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటి, ఫర్హాబాద్ దగ్గర లోపలికి తిరగాలి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. రాత్రిళ్లు జంతువులు రోడ్డు దాటుతాయి కాబట్టి. ఫర్హాబాద్ నుంచి మట్టిదారిలో రాంపూర్ చెంచుపెంట, అంటే చెంచుల చిన్న పల్లె దాకా బండ్లు వెళ్తాయి. ఆ తర్వాత అందరికీ నడకే. పిల్లలూ ముసలివాళ్లూ, కొత్తగా పెళ్లయిన జంటలూ, అందరిదీ ఒకటే దారి. ఒకరు "వస్తున్నం లింగమయ్యా" అని గొంతెత్తితే వెనక వరస మొత్తం అందుకుంటుంది. దర్శనం అయి తిరిగొచ్చేవాళ్లు "పోయొస్తం లింగమయ్యా" అంటూ ఎదురొస్తారు. ఎవరు ఎవరికీ తెలియకపోయినా ఎదురుపడ్డవాళ్లకు దారి ఇస్తారు, చెయ్యి అందిస్తారు.

ఏప్రిల్‌లో నల్లమలను చూసినవాళ్లకు ఇది అడవేనా అనిపిస్తుంది. చెట్లన్నీ మోడులై ఉంటాయి. తపసి చెట్ల తెల్లటి బెరడు ఎండకు మెరుస్తుంటుంది. వెదురు పొదలు ఎండి ఒకదానికొకటి రాసుకుని చప్పుడు చేస్తుంటాయి. కింద మడమ లోతున రాలిన ఆకు. ఒక్క బీడీ ముక్క చాలు, గుట్టంతా అంటుకోవడానికి. దారిలో అక్కడక్కడా నిప్పు పాకకుండా ఆకు ఊడ్చి చేసిన ఫైర్ లైన్లు కనిపించాయి. వాటి మీదుగా మేం నడిచిపోతుంటే మా ముందున్న కుర్రాడు సిగరెట్ తీశాడు. అత్తమ్మ ఆగిపోయి, "లోపలపెట్టు బిడ్డా. ఇది అంటుకుంటే నువ్వే గాదు, నేను గూడ ఉరకలేను" అంది. అతను మారుమాట్లాడకుండా జేబులో పెట్టుకున్నాడు.

దిగుడు మొదలయ్యాక రాళ్లు, రాళ్ల సందుల్లో అడుగు పట్టేంత జాగా. ఒక పక్క నిలువు కొండ, ఇంకో పక్క లోయ. అత్తమ్మ కర్ర పట్టుకుని, కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని దిగింది. సగం దారి దాటగానే గాలి మారిపోయింది. పైన సెగ కొట్టిన ముఖానికి చల్లగా తడి గాలి తగిలింది. ఆకులు లేని అడవి కాస్తా పచ్చబడింది. ఆ తర్వాతే నీళ్ల చప్పుడు వినిపించింది.

జలపాతం అంటే ఫొటోల్లో కనిపించే తెల్లటి హోరు కాదిది. చాలా ఎత్తు నుంచి సన్నగా పడుతుంది. గాలి వీస్తే ధార చెదిరిపోయి జల్లు అవుతుంది. రాతి గోడకు అతుక్కున్న నాచు కొసల నుంచి ఒక్కో చుక్క జారుతుంటే దగ్గరికెళ్లి చూశాను. చుక్క నాచు కొసన నిలబడి, లావై, రాలిపోయేలోగానే వెనక ఇంకోటి తయారవుతోంది. బండ మీద ఒక్క అంగుళం కూడా పొడిగా లేదు. పైన నలభై డిగ్రీల ఎండలో నేల నెర్రెలు విచ్చి ఉంది. ఇక్కడ గుహలో లింగమయ్య, ముందు గుండం నిండా నీళ్లు. ఆ నీళ్లు నెత్తిన పడగానే అత్తమ్మ ఏడ్చేసింది. మొక్కు తీరినందుకో, చల్లదనానికో నేను అడగలేదు.

ఈ నీళ్లు ఎక్కడివి? పైన నది లేదు, చెరువు లేదు. వానాకాలంలో కురిసిన వానే ఇది. అడవి ఉంది కాబట్టి ఆ వాన ఒక్కసారిగా కొట్టుకుపోలేదు. రాలిన ఆకు, వేళ్లు, గడ్డి దాన్ని ఆపితే మెల్లగా నేలలోకి ఇంకింది. నల్లమలలో ఎక్కువగా ఉండేవి క్వార్ట్‌జైట్, పలక రాళ్లు. వాటి పగుళ్లలోంచి నెలల తరబడి పారి, ఎండలు ముదిరాక ఇక్కడ బయటపడుతోంది. పైన చెట్టు కొట్టేస్తే, గుట్టలు కాలి నేల గట్టిపడితే వాన పడ్డ రోజునే వాగై పోతుంది, చైత్రానికి చుక్క మిగలదు. అందుకే ఇక్కడ అడవినీ గుడినీ వేరువేరుగా చూడడం నాకు చేతకాదు. పైనున్న అడవే ఈ గుండాన్ని నింపుతోంది.

గుడి దగ్గర పూజలు చేసేది చెంచులే. వాళ్లకు లింగమయ్య ఇంటి దేవుడు. వచ్చేటప్పుడు దారి పక్క నీడలో వాచర్‌గా పనిచేసే ఒక చెంచు పెద్దాయన కూర్చుని ఉంటే, అత్తమ్మకు రెస్టు కోసం మేమూ పక్కనే కూర్చున్నాం. తేనె సంగతి అడిగితే చెప్పాడు. కొండ అంచుకు తాడు కట్టి కిందికి దిగుతారట. పైన తాడు కాపలా ఉండేది బావమరిదే. "చెల్లె బతుకు ఆ తాడు మీదనే ఉంటది. ఇంకెవరిని నమ్ముతం?" అన్నాడు. పట్టు మొత్తం కోసుకోరట, ఈగలకు కొంత వదిలేస్తారట.

తర్వాత ఆయన కర్రతో పక్కన పొదలోంచి ఒక చిప్స్ కవరు లాగి మా ముందు పడేశాడు. వెండిరంగు లోపలి పొర అంతా నలిగి, అంచుల వెంట పళ్ల గాట్లు ఉన్నాయి. ఒక మూల తెగిపోయి లేదు. "కణితి నమిలింది. ఉప్పు వాసనకు తింటయి" అన్నాడు. కణితి అంటే సాంబార్ దుప్పి. తెగిన ఆ ముక్క దాని కడుపులో ఉంటుంది, అరగదు. ఆ కవరు నేను చాలాసేపు పట్టుకుని చూశాను. పొద్దున్నుంచి దారిలో అలాంటివి ఎన్ని దాటొచ్చామో గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

రోజులు ఎందుకు పెంచకూడదో ఆయనే విడమరిచి చెప్పాడు. అడవిలో వాగులన్నీ ఎండిపోయేది ఇప్పుడే. దుప్పులు, ఎలుగుబంట్లు, పులి, అన్నీ మిగిలిన కొద్దిపాటి నీళ్ల చుట్టూ తిరిగేదీ ఇప్పుడే. అటవీ శాఖ ట్యాంకర్లతో సాసర్ పిట్లు, అంటే జంతువులు తాగే నీటి తొట్లు నింపుతున్నా అవి పెద్ద అడవికి ఏ మూలకు? సరిగ్గా ఆ సమయంలోనే మనం వేలమందిమి వెళ్లి ఆ గుండం దగ్గర కూర్చుంటాం. మనం ఉన్నన్ని రోజులూ అవి దగ్గరికి రావు. అంటే ఆ కొద్ది రోజులు అవి తమ నీళ్లు మనకు వదిలి దాహంతో ఉంటాయి. నెల రోజులు తెరిచి ఉంచమని అడిగేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. దీక్ష తీసుకుంటే నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా తిరుగుతాం, నేల మీద పడుకుంటాం, ఎవరూ గొణగరు. అడవి పెట్టిన నియమం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకు హక్కులు గుర్తొస్తాయి.

ఈ నేలకు పెద్ద గండం వచ్చింది కూడా ఈమధ్యే. 2019 మే నెలలో, సలేశ్వరం ఉన్న ఈ అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, ఊళ్లవాళ్లు, చదువుకునే పిల్లలు, సినిమావాళ్లు, అన్ని పార్టీలూ గట్టిగా ఎదురుతిరిగాయి. ఆ సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దంటూ తీర్మానం చేసింది. ఈ వాగులన్నీ చివరికి కృష్ణలో కలిసేవే. లోతుగా బోర్లు వేసి ఈ రాతి పగుళ్లను కదిలిస్తే ఏ ఊట ఎటు పోతుందో, ఆ నీళ్లలో ఏం కలుస్తుందో ఎవరు పూచీ ఇస్తారు? అప్పుడు అంతమంది ఒక్కటై అడవిని నిలబెట్టారు. అదే జనం, అంటే మనమే, జాతరకొచ్చి వాటర్ బాటిల్ వాగులో విసిరేసి పోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

ప్లాస్టిక్ వద్దని బోర్డులున్నాయి, గేటు దగ్గర బ్యాగులు చూస్తారు. అయినా ఎండలో నడిచేవాళ్లకు నీళ్లు కావాలి, సీసాలు ఎలాగోలా లోపలికి వస్తాయి. ఎవర్నీ తిట్టి లాభం లేదు, పద్ధతి మార్చాలి. కేదార్‌నాథ్ దారిలో 2022లో ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. ప్రతి ప్లాస్టిక్ సీసాకూ క్యూఆర్ కోడ్ అంటించి పది రూపాయలు డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. పారేసిన సీసాను ఇంకొకరు ఏరుకొచ్చినా ఆ డబ్బు వాళ్లకే. సలేశ్వరంలో బండ్లు ఆగేది ఒక్కచోట, లోపలికీ బయటికీ తనిఖీ చేసే గేటూ ఉంది. ఇది ఇక్కడ నడిపించడం కష్టమేమీ కాదు. ఏరే పని రాంపూర్ పెంట యువకులకు ఇస్తే జాతర వాళ్లకు నాలుగు డబ్బులు తెచ్చినట్టూ ఉంటుంది. తాగునీటి డ్రమ్ములు దారిలో ఇంకొన్ని పెట్టి, స్టీలు సీసా తెచ్చుకోమని ముందే చాటితే సగం సీసాలు అసలు రావు.

తిరుగు ప్రయాణంలో ఇదంతా అత్తమ్మకు చెప్పాను. మోకాళ్లకు మందు రాసుకుంటూ విన్నది.

"పది రూపాయలకు ఎవడు ఎనకకు తెస్తడురా? యాబై పెట్టమని రాయి ఆ ఆఫీసర్లకు" అంది.

ఇంటికి రాగానే అటవీ శాఖకు ఉత్తరం రాశాను. యాభై అనే రాశాను.